తడి మగ్గు

చెప్పుల కార్ఖానాలో భోజనాల వేళకి యంత్రాలు ఆగాయి. అడుగులు అతికించే బల్ల దగ్గర వదినా, ఈమధ్యే పనిలో చేరిన ఆడపడుచూ మిగిలారు.

“నిన్న జిగురు గట్టిపడేందుకు కలపగా మిగిలిన హార్డెనర్ ఏం చేశావే?”

“పారబోయడానికి మనసొప్పక, మళ్ళీ దాని డబ్బాలోనే పోసేశాను వదినా.”

“దేంతో?”

“కొలిచే మగ్గుతోనే. జిడ్డుగా ఉంటే ముందే శుభ్రంగా కడుక్కున్నాను.”

“తుడిచావా?”

“నాలుగు చుక్కల నీళ్ళకి ఏమవుతుందిలే అని...”

వదిన చటుక్కున లేచింది.

“మూత వదులుగానే పెట్టావు కదూ?”

“గాలి తగలకూడదని నువ్వే అన్నావుగా! సుత్తితో కొట్టి మరీ బిగించాను.”

“కొంప ముంచావే! నీళ్ళు తగిలితే దాన్లో గ్యాసు పుడుతుంది. బయటికి దారి లేకపోతే డబ్బా పేలిపోతుంది. ఎక్కడుందది?”

“స్టోరు గదిలో.” ఆడపడుచు అటు చూపించింది. “పొద్దున చూస్తే డబ్బాకున్న సొట్ట దానంతటదే పోయింది వదినా. పోనీలే, బాగైంది అనుకున్నాను.”

“బాగవడం కాదే, ఉబ్బుతోంది! ఎవర్నీ అటు పోనివ్వకు. మీ అన్నయ్యేడీ?”

“మధ్యాహ్నం పనికి హార్డెనర్ కావాలని, మూత ఊడి రావడం లేదని, ఇందాకే స్క్రూడ్రైవరూ సుత్తీ పట్టుకుని...”

వదిన నోరు తెరిచేలోపే స్టోరు గదిలోంచి అన్నయ్య గొంతు హుషారుగా వినిపించింది.

“ఏమేవ్, వదులవుతోంది! ఇంకొక్క దెబ్బ చాలు!”