‘ఏమీ లేవు’ అని కొట్టిన స్టాంపు

సభాధ్యక్షురాలు సూపరింటెండెంటు గారికి, వేదిక మీది పెద్దలకి, నాతో పనిచేసిన డాక్టర్లకి, సిస్టర్లకి, నన్ను చూడగానే అలవాటు కొద్దీ పెదాలు బిగించి కూర్చున్న ముందు వరస పేషెంట్లకి, ఇంట్లో రోజూ వింటున్నది చాలక ఇక్కడ కూడా వినడానికి వచ్చిన మా ఆవిడకి నమస్కారం. (నవ్వులు)

ఇంతకుముందు మాట్లాడినవాళ్ళు నన్ను ఆకాశానికి ఎత్తేశారు. నోట్లోకి ఒక్కసారి తొంగిచూస్తే మనిషి ఆరోగ్యం మొత్తం చెప్పేస్తానని ఎముకల డాక్టరుగారు అన్నప్పుడు, నా వెనకాల ఇంకెవరైనా కూర్చున్నారేమోనని తిరిగి చూశాను. అయ్యా, ఇవాళ రిటైరయ్యేదాకా ముప్పై ఒక్క ఏళ్ళు నేను చూసింది పళ్ళనే. వాటి చుట్టూ ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి ఏదో తింటాడని, దేనికో దిగులు పడతాడని, ఒక్కోసారి నిద్రపోడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మీ ముందు నవ్వుతున్నానే, ఈ నవ్వులో పైవరస ఆరు పళ్ళు నావి కావు. ఈ సంగతి హాల్లో సగంమందికి తెలుసు, మిగతా సగానికి మా ఆవిడ ఈపాటికి చెప్పే ఉంటుంది. అవి ఎలా పోయాయో చెబుతాను, అధ్యక్షురాలుగారు గడియారం వైపు చూడకుండా ఉంటే.

మా విభాగంలో ప్రతి పేషెంటుకీ ఒక కార్డు ఉంటుంది. పైన పళ్ళ బొమ్మ, కింద ‘ఇతర విషయాలు’ అని పెద్ద గడి. షుగరు, బీపీ, వాడే మందులు, పొగ, తిండి, నిద్ర అన్నీ అడిగి అందులో రాయాలి. చేరిన కొత్తలో రాశాను. తర్వాత విసుగొచ్చింది. బయట నలభైమంది దవడలు పట్టుకుని కూర్చుంటే, లోపల ఒకాయన్ని నిద్ర బాగా పడుతోందా అని అడగడం తీరిక ఎక్కువైనవాళ్ళ పని అనిపించింది. అందుకని ఒక రబ్బరు స్టాంపు చేయించాను. ‘ఏమీ లేవు.’ పేషెంటు కుర్చీ ఎక్కేలోపే ఆ గడిలో ఠక్కుమని కొట్టేసేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయి పక్క విభాగాలవాళ్ళకి చూపించాను కూడా. కళ్ళ డాక్టరుగారూ, మీరు తల దించుకోనక్కర్లేదు. మీరు దాన్ని అరువడిగిన సంగతి నేను చెప్పను. (నవ్వులు)

అదిగో, తలుపు పక్కన, కుర్చీ వేసినా నిలబడే ఉన్నారే, ఆవిడ మాకు కార్డులు రాసిచ్చేవారు. అందరికీ కార్డులక్క. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న, అయినా నేనూ అక్కా అనే పిలుస్తాను. పేషెంట్లు బెంచీల మీద కూర్చున్నంతసేపూ ఈవిడ వాళ్ళతో కబుర్లు చెప్పేది. కబుర్లయ్యాక కార్డు నా దగ్గరికి వచ్చేసరికి అంచున పెన్సిలుతో రెండు ముక్కలు రాసి ఉండేవి. బట్టలు కుట్టే ఒకావిడకి నేను పంట్లో నింపిన సిమెంటు మూడుసార్లు విరిగింది. మూడుసార్లూ గట్టివి కొరుకుతున్నావని మందలించాను. కార్డు అంచున ఏముందో తెలుసా? ‘కొడుక్కి జబ్బు. ఈ దిగులుతో నిద్రలో పళ్ళు నూరుతోందట.’ నేనేం చేశాను? కార్డులు శుభ్రంగా ఉండాలని చెప్పి ఎరేజరు తీసుకుని చెరిపేశాను. ఆ ఎరేజరు కూడా నా సొంతానికి కొనుక్కున్నదే.

అలా లోకానికంతా ఏమీ లేవని తేల్చేస్తూ ఉండగా నా చిగుళ్ళ నుంచి రక్తం మొదలైంది. బ్రష్షు మార్చాను. పేస్టు మార్చాను. మళ్ళీ బ్రష్షు మార్చాను. ఒకరోజు టీలో నానబెట్టిన బిస్కెట్టు కొరుకుతుంటే ముందు పన్ను కదిలింది. రాళ్ళు కొరికి విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశాను గానీ, నానిన బిస్కెట్టుకి ఓడిపోయినవాణ్ణి నన్నే చూశాను. (నవ్వులు) సిగ్గు విడిచి మా చిన్న డాక్టరమ్మ కుర్చీలో కూర్చున్నాను. కార్డు కావాలంది. అక్క రాసిచ్చిన నా కార్డు మీద, అంచు కూడా చూడకుండా, నా చేత్తో నేనే స్టాంపు కొట్టాను. ఏమీ లేవు.

నేను నోరు తెరిచాక ఆ అమ్మాయి కార్డు అంచున ఉన్నది పైకి చదివింది. ‘రోజుకి పద్నాలుగు కప్పుల టీ, కప్పుకి మూడు చెంచాల పంచదార. రెండో సొరుగులో బిస్కెట్లు. ఎంత నీళ్ళు తాగినా దాహం అంటున్నారు. మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు. షుగరు పరీక్ష చేయించాలి.’ నోరు తెరిచి ఉంది గాబట్టి కాదనడానికి కూడా వీల్లేకపోయింది. ఇంకో సంగతి, అక్క ఈసారి పెన్నుతో రాసింది.

షుగరు నాలుగువందల పైన ఉంది. ఒంట్లో షుగరు అదుపు తప్పితే నోరు ఎండిపోతుంది, చిగుళ్ళకి రోగంతో పోరాడే శక్తి పోతుంది, చిగుళ్ళు చెడితే షుగరు ఇంకా మాట వినదు. ఇదంతా నాకు తెలియక కాదు. ఇదే ప్రశ్నకి జవాబు రాసి డాక్టరునయ్యాను. ఆరు పళ్ళు పోయాయి. అక్క రాయకపోతే ఇంకేం పోయేవో.



ఇక్కడితో దండం పెట్టి దిగిపోవచ్చు. పొద్దున్నుంచీ అలాగే దిగిపోదామని చూస్తున్నాను.

మూడో వరసలో, కిటికీ పక్కన, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న డ్రైవరుగారు కూర్చున్నారు. నేనే రమ్మని కబురు పెట్టాను. ఎందుకో ఆయనకి చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన బస్సు నడిపేవారు. రెండేళ్ళలో ఐదుసార్లు నా దగ్గరికి వచ్చారు, ఏడు పళ్ళు పీకాను. వచ్చినప్పుడల్లా సరిగ్గా తోముకోవని అందరి ముందూ తిట్టాను. నిన్న నా అలమర ఖాళీ చేస్తుంటే ఆయన కార్డు దొరికింది. నావి ఐదు స్టాంపులు ఉన్నాయి. అంచున చెరిపిన మరక ఉంది. పెన్సిలు పోయినా గీత కాగితంలోకి దిగి ఉంది, వెలుతురుకి పెడితే కనబడుతోంది. ‘నీళ్ళ సీసా వదలడం లేదు. చూపు మసకగా ఉందన్నారు. బస్సు నడుపుతారు. షుగరేమో.’

డ్రైవరుగారూ, ఆ మాట షుగరుతో మీ కన్ను పోవడానికి ఏడాది ముందే మీ కార్డు మీద ఉంది. నేను చెరిపేశాను.

(డ్రైవరుగారు లేచి నిలబడ్డారు.)

“నేను రోజుకి మూడుసార్లు తోమేవాణ్ణి డాక్టరుగారూ. మీరు నమ్మలేదు.”

నమ్మలేదండీ. మీరు తోమారు. అరిగిపోయేదాకా తోమారు, ఆ అరుగుదల నా కళ్ళతో చూసి కూడా నమ్మలేదు. తప్పు మీ బ్రష్షుది కాదు, మీదీ కాదు. నాది. తిట్టింది అందరి ముందూ కదా, అందుకని ఇది కూడా అందరి ముందే చెబుతున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

నాకు షుగరు బయటపడ్డ వారంలోనే నా స్టాంపు మాయమైంది. కొత్తది చేయించమని ఆర్నెల్లు ఆఫీసువాళ్ళ ప్రాణం తీశాను. ఇవాళ పొద్దున కార్డులక్క దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, “నేనే దాచాను డాక్టరుగారూ, అప్పుడు మీరింకా పేషెంట్లని చూడాలి కదా, ఇప్పుడిక పర్లేదు” అంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ విభాగంలో రోగాన్ని పట్టుకున్నది ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఈ శాలువా ఆవిడకి కప్పండి. అక్కా, రా, ఇవాళైనా కూర్చో.

నన్ను ఇన్నాళ్ళు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు కట్టించిన ఆ మిఠాయి పెట్టె మాత్రం మా ఆవిడ చేతికి ఇవ్వండి, నాకు ఇవ్వకండి. చిన్న డాక్టరమ్మా, రేపట్నించి ఆ కుర్చీ నీది. నోరు తెరవమనే ముందు మనిషిని మాట్లాడనివ్వు.

డ్రైవరుగారూ, మీరు రావద్దు, నేనే మీ దగ్గరికి వస్తాను. ఈ స్టాంపు మీ దగ్గర ఉంచండి. ఎవరైనా డాక్టరు వచ్చి అడిగితే ఇవ్వకండి. నేను అడిగినా సరే.

సెలవు.