తలుపు తీసే మీట

గ్యారేజీలో ఆయన మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి పైకి లేచే షట్టరు తలుపు తెరిచే రిమోట్ బిగిస్తున్నాడు. ఈమధ్యే మోకాలి ఆపరేషనైన భార్య గోడకానుకుని చూస్తోంది.

"ఇదెందుకండీ ఇప్పుడు?"

"బండి చప్పుడు వినగానే కుంటుకుంటూ వచ్చి తలుపెత్తుతావు. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు కదే! తలుపుకి మోటారు పెట్టించాను, ఇక హారన్ పక్కన మీట నొక్కితే అదే లేస్తుంది."

"అయితే నా ఇరవయ్యేళ్ల ఉద్యోగం ఊడగొట్టారన్నమాట."

"నీకు విశ్రాంతి ఇచ్చానే పిచ్చిదానా!"

"తలుపెత్తగానే మీ మొహం కనబడితే, క్షేమంగా వచ్చారని ప్రాణం కుదుటపడేది."

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"నాకూ నిన్ను చూస్తేనే ఇల్లు చేరినట్టుండేది. ఒక పని చెయ్యి. సాయంత్రం ఇక్కడే కుర్చీలో కూర్చో. తలుపు లేచేసరికి నువ్వే కనబడాలి."

"అయితే మెత్తటి కుర్చీ వెయ్యండి. చెప్పిన టైముకి ఏనాడొచ్చారు గనక!"