ఎవరి నంబరు రాయాలి?

మానసిక వైద్యురాలు మొదటిసారి ఫోన్‌లో మాట్లాడటానికి ఇంకా పది నిమిషాలుంది. బస్సు డ్రైవరు మంచం అంచున కూర్చున్నాడు. భార్య కిటికీలు మూస్తోంది.

“పక్కన ఎవరూ ఉండకూడదంట.”

“మేడమీదికి పోతాలెండి. ఆ పాప చక్రం కింద పడిన సంగతేగా? తప్పు మీది కాదని అందరూ అన్నారు.”

“అన్నారు. నాకే నిద్ర పట్టట్లేదు.”

“అదే చెప్పండి ఆవిడకి.”

“ముందే ఫారం పంపింది. నా ప్రాణానికి ముప్పని తనకనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాయమంది. మీ అన్నయ్య నంబరు రాశా.”

“మా అన్నయ్యా? వాడెప్పుడైనా ఫోనెత్తాడా? నేను లేనూ?”

“అలాంటి ఫోనొస్తే నువ్వు తట్టుకోలేవే.”

ఆమె కిటికీ వదిలేసింది. వచ్చి అతని పక్కన కూర్చుంది.

“అంటే... వస్తుందనుకుంటున్నారా?”

అతను తల వంచుకునే ఫోన్‌లో ఆ ఫారం మళ్లీ తెరిచాడు.

“ఇటివ్వండి, నా నంబరు రాస్తా. నాకు చెప్పలేనిదంతా ఆవిడకు చెప్పండి. ఆ ఫోన్ మాత్రం నాకే రానివ్వండి.”