ముందుకే నడిచే లెక్క

దగ్గరికి జరిగి కూర్చోండి, మొన్న ఈతకొలను గట్టున నడిచిన మాటలు చెబుతాను. పోటీల్లో సమయం కొలిచే ప్రోగ్రాం రాసిన మనవరాలు ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. పక్కనే అమ్మమ్మ.

"ఏమైందే, మొహం అలా వేలాడేశావు?"

"ఆఖరున గోడ తాకిన పిల్ల దూకకముందే ఈత ముగించిందని చూపిస్తోంది అమ్మమ్మా. నలభై సెకన్లలోపు ఈదితే అది పై పోటీకి వెళ్తుంది. సరైన లెక్క ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారట."

"దూకకముందేనా! ఏ గడియారం చూశావే తల్లీ?"

"కంప్యూటర్‌లో టైము చూపించేదే. సరిగ్గా ఆ పిల్ల గోడ తాకబోయే ముందు నెట్‌వర్క్‌తో సరిచూసుకుని రెండు నిమిషాలు వెనక్కి జరిగింది."

"మీ తాతయ్యా అంతే. రేడియోలో టైము చెప్పగానే గోడ గడియారం ముల్లు తిప్పేసేవారు. అందుకే పొయ్యి మీద ఏం పెట్టినా నేను నోటితోనే లెక్కపెట్టుకునేదాన్ని. నీ పెట్టెలో అలా లెక్కపెట్టేది ఏదీ లేదా?"

మనవరాలు గబుక్కున తలెత్తింది.

"ఉంది! కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నెల్‌లో ఇంకో గడియారం ఉంది. ఇప్పుడు టైమెంతో దానికి తెలీదు, ఆన్ చేసినప్పటినుంచి నానోసెకన్లు ముందుకే లెక్కపెడుతుంది. ఈల మోగినప్పుడూ, గోడ తాకినప్పుడూ ఆ లెక్క కూడా రాసి ఉంటుంది."

"మరి చూడవేం?"

"చూస్తున్నా... నలభైకి సెకనులో వందో వంతు తక్కువ! పై పోటీకి వెళ్తుంది అమ్మమ్మా!"

"నాకెందుకే చెప్తావు, ఆ పిల్లకి చెప్పు. పాపం, తువాలు కప్పుకుని ఇందాకట్నుంచీ మనవైపే చూస్తోంది."

టైమెంతో చెప్పే గడియారం వేరు, ఎంతసేపయిందో చెప్పేది వేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని, మీ ఇంట్లో పిల్లలకీ చెప్పండి.