ఆరంగుళాల బండి, తెపున్ కాలు

కొండ కింది లావాస్ ఊళ్ళో ఆ ఉదయం యూదన్ తేల్చుకోవాల్సింది ఒకటే. బండిని నేల నుంచి ఇంకో రెండంగుళాలు ఎత్తుకి లేపించాలా, ఆరంగుళాలా? కాఫీ హోటలు పక్కనే చోంగ్ మెకానిక్ షెడ్డు. కాఫీ తాగి, స్థిమితంగా ఆలోచించుకుని చెప్పమన్నాడు చోంగ్. మధ్యాహ్నం లోపు చెబితే స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ తెప్పిస్తాడు, లేదంటే వచ్చే నెలే.

పోయిన నెల బాకలాలన్ కొండదారిలో యూదన్ బండి పొట్ట బురదగట్టుకి తగులుకుని అంగుళం కదల్లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పోతున్న ముసలివాళ్ళు రెండు గంటలు వానలో తడిశారు. అది తల్చుకుంటే అతనికి ఇప్పటికీ అన్నం సయించదు. వాళ్ళని దింపడం, మళ్ళీ కొండమీదికి చేర్చడం, అదే అతని బతుకు. ఈసారి ఆ స్ప్రింగుల కిట్టు తప్పు ఎత్తుది వేయించుకుంటే మార్పించుకునే స్తోమత లేదు.

అంత చిక్కులో ఉన్న మనిషి పోయి పోయి బాలాంగ్ చిన్నాన్న బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఆ బల్లకి ఆ చివర రినింగ్ ముసలమ్మ, యూదన్‌తో కొండెక్కడానికి మూట సర్దుకుని, ఆకులో చుట్టిన మెత్తటి అన్నం తింటోంది. ఊరంతా ఆవిడని తెపున్ అంటారు, అంటే అవ్వ అని.

యూదన్ సంగతి చెప్పాడో లేదో, బాలాంగ్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. జరిపాడంటే ఇక అంతే.

"రెండంగుళాలా? పిల్లల బొమ్మబండికి వేయించుకో. నేను ఆరు వేయించాను. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, నువ్వు ఇరుక్కున్న ఆ గట్టే, దాని మీంచి పోతుంటే నాకు తెలియను కూడా తెలియలేదు."

గట్టుతో ఆగి ఉంటే యూదన్ అక్కడే తలూపేసి లేచేవాడు. ఆగితే బాలాంగ్ ఎందుకవుతాడు? గట్టు దాటాక దారికి అడ్డంగా చెట్టు పడి ఉందట, మనిషి నడుమంత లావు మాను. మిగతా బళ్ళ వాళ్ళంతా రంపాలు తీస్తున్నారట. ఈయన కిటికీలోంచి చెయ్యూపి దాని మీదుగా వెళ్ళిపోయాడట, తాగుతున్న కాఫీ తొణకలేదట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏరు పొంగింది. ఇవతల పద్నాలుగు బళ్ళు ఆగిపోయాయి. నేను బండిని నీళ్ళలోకి దింపాను. నీళ్ళు టైరుకి తగిలాయి, బండికి తగల్లేదు. నడిమధ్యలో ఒక దున్న కొట్టుకొచ్చింది. పాపం, ఏం చేస్తుంది? నా బండి కిందనుంచే ఈదుకుంటూ పోయింది. కొమ్ములు కూడా తగల్లేదురా."

పక్క బల్ల దగ్గర పాదన్ అనే డ్రైవరు, ఆ దున్న ఎవరిదని అడిగాడు. దున్న సంగతి నీకెందుకు, ఎత్తు సంగతి విను అన్నాడు బాలాంగ్.

యూదన్‌కి మాత్రం నవ్వు రాలేదు. దున్న అబద్ధమే, కాదనడు. కానీ అందులో సగమైనా నిజముంటే, ఆ ముసలివాళ్ళు మళ్ళీ వానలో నిలబడక్కర్లేదు కదా. ఆరే చెప్పేద్దామని అతని మనసు దాదాపు ఒప్పేసుకుంది.

"అక్కడితో అయిపోలేదు," బాలాంగ్ గొంతు పెంచాడు. "కొండ మలుపులో పోతుంటే విమానం వచ్చింది, మన బాకలాలన్‌లో దిగే చిన్న విమానమే. పైలట్టు నాకేసి చూశాడు, నేను వాడికేసి చూశాను. ఇద్దరం ఒకే ఎత్తులో ఉన్నాం. దారిమ్మని చెయ్యూపాడు, సరేలే పాపం అని నేనే పక్కకి తీశాను. అబద్ధమైతే తెపున్‌ని అడుగు. ఆ రోజు నా ముందు సీట్లో ఉన్నది ఆవిడే."

పదిమందిలో ఒకరి పరువు తీసే మనిషి కాదు తెపున్. ఆ ధైర్యంతోనే అన్నాడు. కానీ ఆవిడ ఆకు మడిచి, వేళ్ళు తుడుచుకుని, బాలాంగ్‌ని కాక యూదన్‌ని చూసింది.

"ఉన్నాను నాయనా. మన దారిలో ఎవరి బండైనా పెద్దవాళ్ళకే ముందు సీటు కదా, వద్దంటే బాగుండదని ఎక్కాను. పీట వేసి, వెనకనుంచి ఇద్దరు తోస్తే ఎక్కాను. తీరా చూస్తే ఆ పీట అక్కడే మర్చిపోయి బయల్దేరాడు. మొదటి ఏటి దగ్గరే బండి మొరాయించింది. దున్నా లేదు, విమానమూ లేదు. దిగి చెట్టుచాటుకి పోవాలి నేను, దిగే దారేది? సాయంత్రం దాకా అక్కడే బిగబట్టుకుని కూర్చున్నాను."

హోటలంతా ఘొల్లుమంది. యూదన్ నవ్వలేదు. వానలో తడిసిన ముసలివాళ్ళే ఇన్నాళ్ళూ అతని కళ్ళలో ఉన్నారు, సీటు మీదికి కాలెత్తలేని ముసలివాళ్ళు ఒక్కసారీ తట్టలేదు. సిగ్గేసింది. లేచి తెపున్‌కి చెయ్యందించి తన బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. టేపు పట్టుకు రమ్మని చోంగ్‌ని కేకేశాడు.

తెపున్ తలుపు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, కాలు ఎత్తగలిగినంత ఎత్తింది. బండి గుమ్మం దాటి ఇంకా కొంచెం పైకి లేచింది ఆ కాలు. అక్కడ ఆపి, ఇంతకు మించితే నేను నడిచే పోతాను అంది. చోంగ్ వంగి కొలిచాడు. గుమ్మానికీ ఆవిడ పాదానికీ మధ్య రెండంగుళాలు, పైన ఒక గోరంత.

"రెండే," అన్నాడు యూదన్. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

చోంగ్ టేపు చుట్టుకుంటూ హోటలు వైపు చూశాడు.

"అయితే రెండంగుళాల కిట్లు రెండు తెప్పించాలి. ఒకటి నీకు. ఇంకోటి మీ చిన్నాన్నకి, ఆ ఆరంగుళాలది పీకేయమని పొద్దున్నే బండి నా షెడ్డులో వదిలి వెళ్ళాడు. ఇవాళ మీతోనే పైకి వస్తాడట, వెనక చోటుందా?"