నాలుగు మూలలూ చూసే కళ్ళు

వజ్రాల వర్క్‌షాపు మెట్ల పక్కనే టీకొట్టు. అక్కడి బల్ల మీద ఈ చివర నాలుగుకళ్ళ బాబాయ్ స్థానం. సొంత కళ్ళు రెండు, కళ్ళజోడు, మెడలో వేలాడే భూతద్దం, ఇవన్నీ కలిసి ఆ పేరు తెచ్చిపెట్టాయి. రాళ్ళు ఏరడం ఆయన పని. ఆయన సరే అన్నాకే రాయి పొదిగేవాళ్ళ చేతికి వెళ్తుంది.

ఆ సాయంత్రం బల్ల ఆ చివర ఒకమ్మాయి కూర్చుంది. ఒళ్ళో వాళ్ళన్నయ్య పనిముట్ల పెట్టె. నిన్న ఉంగరంలో పొదుగుతూ నలుచదరం వజ్రం మూల విరగ్గొట్టాడని ఆ అన్నయ్యని పొద్దున పనిలోంచి తీసేశారు. మూలలు విరిచే చెయ్యి అని ఒకసారి మాట పడితే ఆ వీధిలో ఇంకెవరూ రాయి ముట్టుకోనివ్వరు. ఆ సంగతి అడుగుదామని ఆమె వస్తే వర్క్‌షాపు మేనేజరు, "ఉండమ్మా, టీ తాగి మాట్లాడదాం," అని గ్లాసు పట్టుకుని గోడకానుకున్నాడు.

బాబాయ్‌కి ఆ పిల్ల ఎవరో తెలీదు. వినడానికో కొత్త మొహం దొరికింది, ఆయనకదే పండగ.

"గుండ్రటి రాయి ఎవడైనా ఏరతాడమ్మాయ్," మొదలెట్టాడు. "దానికి మూలల్లేవు, గొడవా లేదు. నలుచదరం అలా కాదు. రెండు గోపురాల్ని అడుగూ అడుగూ అతికించినట్టుంటుంది పచ్చి రాయి, మధ్యకి కోస్తే రెండు చదరాలొస్తాయి, పెద్దగా వృథా పోదు, అందుకే కోసేవాళ్ళకి అదంటే మోజు. కొనేవాళ్ళకే తంటా. ఓసారి ఒక పెద్దింటావిడ వచ్చింది, కూతురి ఉంగరానికి రాయి కావాలని. పళ్ళెంలో పోశాం. అన్నిట్లోకీ బరువైనదాని మీద చెయ్యేసింది. అమ్మా ఆగండి, అన్నాను. దాని బరువంతా పొట్టలో ఉంది, ఉంగరంలో కూర్చోపెడితే పొట్ట లోపలికి పోతుంది, పైకి ఇంత మొహమే మిగులుతుంది, అన్నాను. పోనీ ఇది, అని ఇంకోటి తీసింది. అది మరీ పలచన. వెలుతురు పైకి తిరిగి రాకుండా అడుగునుంచి కారిపోతోంది, చిల్లు బిందెలో నీళ్ళలాగ."

"ఆవిడ మొహం మీదే అన్నారా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న కొరియర్ కుర్రాడు.

"అనకేం, నాకు భయమా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోది తీసింది. నాలుగు పక్కలా సమానం, మెరుపు చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. ఓనరు కూడా తలూపేశాడు. నేను మాత్రం వద్దన్నాను. ఎందుకో చెప్పు చూద్దాం అమ్మాయ్."

"మీరే చెప్పండి బాబాయ్," అందా అమ్మాయి.

"మూలలో జీర. వెంట్రుకంత పగులు. అదే జీర రాయి మధ్యలో ఉంటే ఫరవాలేదు, ఆ మెరుపులో కలిసిపోతుంది. మూల అలా కాదు, అసలే పలచన. అక్కడ జీర ఉందా, పొదిగేవాడు రాయిని పట్టే కొక్కెం వంచి అలా నొక్కాడో లేదో, టప్. బ్రహ్మదేవుడొచ్చి పొదిగినా అంతే. ఆ జీర నేను దేంతో చూశాననుకున్నావు, భూతద్దంతోనా? ఇదిగో, ఈ బల్ల మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. రాయి పైన మూడో అంతస్తులో ఉంది."

కొరియర్ కుర్రాడికి టీ గొంతులో అడ్డుపడింది.

"దగ్గు, దగ్గు. అసలు చూడ్డం కూడా ఎందుకు, వింటే చాలు. జీర ఉన్న మూల మూలుగుతుంది. కళ్ళకి గంతలు కట్టి నన్ను గదిలో వదిలారోసారి, గది నిండా గుట్టలు గుట్టలుగా రాళ్ళు. ఊరికే నిలబడ్డాను. మంచివన్నీ వాటంతటవే దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుల ముందు వరస కట్టాయి. చెడ్డవి సిగ్గుపడి మూలకి పోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం అవతల రాజుగారికి కబురెళ్ళింది. విమానం పంపించాడు. నేనెక్కలేదు. టీ టైము మా ఆవిడ మాటకే మారదు, రాజుగారికి మారుతుందా. అందుకని ఆయనే రాళ్ళ మూటతో దిగాడు, ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు."

"నా కొట్లోనా? డబ్బులిచ్చాడా?" అంది టీ అత్త, గిన్నె తిప్పుతూనే.

"నా ఖాతాలో రాయమన్నాడు. నేను ఏరిచ్చిన రాయి పట్టుకెళ్ళి కోట బురుజు మీద పెట్టించాడు. ఇక చూస్కో, ఆ దేశానికి రాత్రన్నది లేదు. కోళ్ళు ఎప్పుడు కుయ్యాలో తెలీక గుడ్లు పెట్టడం మానేశాయి. దొంగలు వలసపోయారు. కరెంటాఫీసు వాళ్ళంతా పెళ్ళాంపిల్లలతో వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు, అయ్యా, మా పొట్ట కొట్టకండి అని. ఏం చేస్తాను, జాలిగుండె. రాయి మీద తువ్వాలు కప్పమని రాజుకి ఫోన్ చేశాను. సూర్యుడు కూడా నా వైపు తిరిగి ఓ దణ్ణం పెట్టుకుని పోయాడు."

నవ్వులు ఆగాక ఆయనే గొంతు తగ్గించాడు.

"ఇవాళ్టికీ అంతే. ఈ మెట్లెక్కి చూడు, నా కన్ను పడకుండా ఒక్క రాయి కూడా పొదిగే బల్ల చేరదు. నాలుగు మూలలూ చూస్తాను. నేను సరే అన్నాక సుత్తితో కొట్టినా సుత్తి విరగాలి గాని మూల విరగదు."

"ఒక్కటి కూడా తప్పించుకోదా బాబాయ్?"

"ఒక్కటి కూడా."

"నిన్న విరిగినదీ మీరు చూసిందేనా?"

బాబాయ్ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. గోడకానుకున్న మేనేజరు తలెత్తాడు.

"అదా... అది చూసినప్పుడు బాగానే ఉందమ్మాయ్. వాడి చెయ్యే మోటు..."

"సుత్తితో కొట్టినా విరగదన్నారు. మా అన్నయ్య చెయ్యి సుత్తికంటే మోటా? మూలలో జీర ఉంటే బ్రహ్మదేవుడు పొదిగినా టప్‌మంటుందన్నదీ మీరే. అంటే జీర చూసి కూడా పంపారు, లేదా చూడకుండానే పంపారు. ఈ రెండూ కాకపోతే, రాజుగారి దగ్గర్నుంచి ఇప్పటిదాకా చెప్పిందంతా అబద్ధం. ఏదో ఒకటి మీరే ఏరుకోండి బాబాయ్. ఏరడం మీ పనేగా."

బాబాయ్ భూతద్దాన్ని చొక్కాలోకి తోసుకున్నాడు.

ఆ అమ్మాయి మేనేజరు వైపు తిరిగింది. "విన్నారుగా సార్."

"విన్నానమ్మా." ఆయన గ్లాసు అడుగు చూసుకున్నాడు. "నిజం చెప్పాలంటే, పొద్దున్నే నాకూ అనుమానం వచ్చింది. కానీ రాయి సొంతదారులకి మీ అన్న పేరు చెప్పేశాం. ఇప్పుడు అతని తప్పు కాదు, రాయి ఏరడంలోనే తప్పు అంటే షాపు పరువేం కాను?"

"షాపుది పరువు. మా అన్నయ్యదేంటి, బల్ల మీంచి ఊడ్చేసే రజనా?"

మేనేజరు గ్లాసు బల్ల మీద పెట్టి, బాబాయ్ మొహం చూడకుండా, ఆ అమ్మాయి మొహమూ చూడకుండా మెట్లెక్కిపోయాడు.

ఆమె పెట్టె తెరిచి, వేలంత చిన్న సుత్తి తీసి బాబాయ్ పక్కన పెట్టింది. "అన్నయ్యకిక దీంతో పనిలేదుట. మీ దగ్గరే ఉండనివ్వండి. రేపు ఇంకో కొత్త మొహం వస్తే, మీరు సరే అన్న రాయి ఒకటి తెచ్చి కొట్టి చూపిద్దురుగాని."

పెట్టె చంకన పెట్టుకుని వీధి మలుపు తిరిగిపోయింది.

కొరియర్ కుర్రాడు సంచీ సర్దుకుని లేచాడు. టీ అత్త బల్ల తుడుస్తూ వచ్చింది. ఖాళీ గ్లాసులు తీసింది, మరకలు తుడిచింది, సుత్తిని మాత్రం ముట్టుకోకుండా చుట్టూ గుడ్డ తిప్పింది.

"ఆ తర్వాత ఏమైంది బాబాయ్?" అంది.

ఆయన చల్లారిన టీ వైపే చూస్తూ కూర్చున్నాడు.