ఓబులమ్మ జేజి ముడి

ఓబులమ్మని ఒక ముసల్ది ఉండేదంట, పిల్లోళ్లంతా జేజీ, అవ్వా అని పిలిసేవోళ్లు. ఆమె పనేందంటే, ఊళ్లో పసిపిల్లోళ్లను గుంజకు కట్టేసేది. నవ్వొద్దండి, ఉన్నమాటే చెప్తాండా. ఆ ఏడు వానల్లేక ఊరి బాయి ఎండిపోయినాది. తల్లులంతా పొద్దున్నే బిందెలెత్తుకొని రెండు కోసుల దూరం పోయి నీళ్లు తెచ్చుకోవాల. మూడేండ్లోళ్లు, నాలుగేండ్లోళ్లు అంతదూరం యాడ నడుస్తారు? అందుకని ఏడుమందినీ ఓబులమ్మ కొట్టంలో ఇడిసిపోయేవోళ్లు. ఆమె పాతకోకలు పేనిన తాళ్లతో ఒక్కొక్కరి నడుముకూ ముడేసి, రెండో కొస గుంజకు కట్టేది. "ఎట్ట అప్పజెప్పినారో అట్టనే అప్పజెప్తానమ్మా, మీరు పోయి రాండి" అనేదంట. యాల కట్టేసేదంటారా? ఎప్పుడో ఆమె కడుపున పుట్టిన పాప, నాలుగేండ్లది, ఆడుకుంటా ఆడుకుంటా పోయి పాడుబాయిలో పడి సచ్చిపోయినాది. ఆ పొద్దు నుంచి ఏ పిల్ల అడుగు తీసి అడుగేసినా ముసల్దాని గుండె ఎగిరిపడేది అనుకో.

ఆ ఏడుమందిలో సుంకి అని ఒకతి. దానికి నాలుగేండ్లే గానీ, దాని నోటికి ఊరంతా జవాబు చెప్పాల్సిందే. గుంజకాడ కూసోనే అడిగేది, "జేజీ, ఆ పసుపు సీతాకోకలన్నీ వంకలోకే పోతాండాయి, యాల?" అని. నాకేం తెలుసే, కూసో అనేది జేజి. "వంకలో నీళ్లు ఎండిపాయె గదా, ఆడ ఏం తాగను పోతాండాయి?" నోరు మూసుకోవే, ఈగలు పోతాయి అనేది. ఇట్ట రోజూ అడిగేది, రోజూ తిట్లు తినేది.

ఒకరోజు ఏమైందంటే, ముసల్ది పొయ్యికాడ సంగటి కెలికి వచ్చేలోపల కొట్టంలో గుంజ ఉండాది, తాళ్లుండాయి, పిల్లోళ్లు లేరు. ఏడు తాళ్లు. ఒక్కటీ తెగలా. ఏడు ముళ్లూ పద్ధతిగా ఇప్పినవే! తల్లులొచ్చి నా బిడ్డేదంటే ఏం చెప్పాల? పరిగెత్తింది. యాడికి? ఇంగ యాడికి, ఆ పాడుబాయికాడికే. వంగి చూసే ధైర్యం లేదు, చూడకుండా ఉండను పానం ఒప్పదు. కండ్లు మూసుకొని వంగి, తెరిసింది. లోపల ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. అంతలోకి వంకకాడ్నుంచి కేరింతలు ఇనపడినాయంట. పడతా లేస్తా పోతే ఇసకలో తలకాయలు కనపడినాయి. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఆరే ఉండాయి! సుంకి తల లేదు. వాళ్ల నడిమధ్య ఒక గుంత, ఆ గుంతలోంచి పైకి రెండు చిన్న కాళ్లు!

అయ్యో దేవుడా, ముసల్దాని పానం ఆడనే పోయినాదనుకో. "నా బిడ్డా!" అని అరిసి ఆ కాళ్లు పట్టుకొని ఒక్క లాగుడు లాగింది. సుంకి బయటికొచ్చింది, మొగమంతా బురద. "యాల లాగితివి జేజీ? ఇంగ జానెడు తవ్వితే సాలు" అని కసురుకున్నాదంట. బురద! ఎండిన వంకలో బురద యాడిది? ముసల్ది గుంతలో చెయ్యి పెట్టింది. సల్లంగా తగిలినాది. చూస్తాండంగానే చేతి ఏళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరతాండాయి. "ఈడ తవ్వమని నీకు ఎవురు చెప్పినారే?" "ఎవురూ చెప్పలా. సీతాకోకలు ఈడే వాల్తాండాయి, మూతులు ఇసకలో పెడ్తాండాయి. ఉత్త ఇసక ఎవురన్నా తాగుతారా జేజీ?" "మరి ముడి? ముడి ఇప్పేది ఎవురు నేర్పినారే?" "నువ్వే. రోజూ ఏడుసార్లు నా ముందరే ఏస్తాంటివి గదా!" అన్నాది. ముసల్ది ఆ బురదలోనే చతికిలబడి, సుంకిని కరుసుకొని బోరున ఏడ్సిందంట.

తల్లులొచ్చి ఇసకలో నీళ్లూరే ఆ చెలిమ చూసి, బిందెలు దించి నోళ్లు తెరిసినారు. ఆ ఎండాకాలమంతా ఊరు ఆ నీళ్లే తాగినాది. పిల్లోళ్లను కట్టేసే పని ఇంగ లేదు. అయినా పొద్దున్నే ఏడుమందీ కొట్టంకాడికొచ్చి, జేజీ పోదాం రా, పోదాం రా అనేవోళ్లు. ఓబులమ్మకు భయం పోయిందా అంటే, యాడ పోతాది? తాడు ఇడవలా. కాకపోతే ముడి తన నడుముకే ఏసుకొని, రెండో కొస సుంకి చేతికిచ్చిందంట. అది యాడికి లాగితే ఆడికి ముసల్ది. అంతే కత. ఏమ్మే, ఆ పసిదాన్ని ఒళ్లో అట్ట అదిమి పట్టుకోకు, ఇడ్సిపెట్టు. ఇందాకట్నుంచి అది వాకిలి దిక్కే చూస్తాంది.